ప్లస్ టూలో వచ్చిన ఫిజిక్స్ ప్లస్ త్రీలో ఎందుకు రాకుండా పోతుంది?

ప్లస్ టూ ఫిజిక్స్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, ఇష్టపడి ప్లస్ త్రీలో, అంటే మూడేళ్ల డిగ్రీలో, ఫిజిక్స్ ఆనర్స్ తీసుకున్న పిల్లలు మొదటి సెమిస్టర్ సగం గడిచేసరికి "ఈ సబ్జెక్టు నా వల్ల కాదు" అంటారు. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఇది ఏటా వినిపించే మాటే. దానికి పెద్దవాళ్లు చెప్పే కారణాలు కూడా ఏటా అవే: ఫోను ఎక్కువైంది, బేసిక్స్ లేవు, ఇంగ్లీషు రాదు. సాయంత్రాలు ఫస్టియర్ పిల్లలతో కూర్చుని లెక్కలు చేయించే మనిషిని కాబట్టి చెబుతున్నాను, ఈ మూడూ అసలు చోటును తాకవు. కష్టం రెండు పొరలుగా ఉంది. ఒకటి ఫిజిక్స్‌లోనే ఉంది. అమెరికాలోనైనా గంజాంలోనైనా మొదటి ఏడాది విద్యార్థి దాన్ని దాటవలసిందే. రెండోది మన సరిహద్దు జిల్లాల్లో చదువు సాగే తీరులో ఉంది. రెండూ ఒకేసారి మీద పడడంతో పిల్లలు లోపమంతా తమ బుర్రలోనే ఉందనుకుంటున్నారు. అలా అనుకుని సబ్జెక్టు వదిలేసేవాళ్లలో నిజంగా ఆలోచించగల పిల్లలు ఎందరో ఉన్నారు. నన్ను బాధపెట్టేది అదే.

ఎగరేసిన రూపాయి బిళ్ల

ఒక ప్రశ్న చూడండి. రూపాయి బిళ్లను నిట్టనిలువుగా పైకి ఎగరేశాం. అది చేతిని వదిలి పైకి వెళ్తోంది, ఇంకా పై కొసకు చేరలేదు. గాలి సంగతి వదిలేస్తే, ఆ క్షణాన బిళ్ల మీద ఏ బలాలు పనిచేస్తున్నాయి?

ఫస్టియర్‌లో ఎక్కువ మంది ఇచ్చే జవాబు ఇలా ఉంటుంది: "చెయ్యి ఇచ్చిన బలం పైకి, భూమి లాగే బలం కిందికి. పైకి వెళ్లేకొద్దీ చేతి బలం తరిగిపోతుంది. పై కొసలో రెండూ సమానమవుతాయి. ఆ తర్వాత భూమిదే పైచేయి." వినడానికి ఎంతో సబబుగా ఉంది, కానీ తప్పు. చేతిని వదిలిన తర్వాత బిళ్లను చెయ్యి తాకడమే లేదు, కాబట్టి చేతి బలం సున్నా. పైకి వెళ్తున్నప్పుడు, పై కొసలో, కిందికి వస్తున్నప్పుడు, మూడు చోట్లా దాని మీద ఉన్నది కిందికి లాగే భూమ్యాకర్షణ ఒక్కటే. బిళ్ల దగ్గర మిగిలి ఉన్నది వేగం. ఆ వేగాన్ని భూమ్యాకర్షణ ప్రతి సెకనులోనూ సెకనుకు సుమారు 9.8 మీటర్ల మేర తగ్గిస్తూ పోతుంది. పై కొసలో వేగం సున్నా అవుతుంది గానీ త్వరణం, అంటే వేగం మారే రేటు, సున్నా కాదు. అక్కడ త్వరణం కూడా సున్నా అయితే, ఆగిన బిళ్ల ఆగినట్టే గాలిలో ఉండిపోవాలి.

1982లో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు అమెరికాలో ఇంజనీరింగ్ విద్యార్థులను సరిగ్గా ఇలాంటి నాణెం ప్రశ్నే అడిగి ఫలితాలు ప్రచురించాడు. మెకానిక్స్ కోర్సుకు ముందు చాలా మంది తప్పు చెప్పారు. కోర్సు పూర్తి చేశాక కూడా ఎక్కువ మంది తప్పే చెప్పారు. అంటే ఇది గంజాం పిల్లల బేసిక్స్ సమస్య అనుకోవడానికి వీల్లేదు.

ఈ తప్పు ఇంత గట్టిగా ఎందుకు నిలబడిపోతుందంటే, అది మన అనుభవం నేర్పిన పాఠం. తోపుడు బండిని తోస్తుంటే కదులుతుంది, తోయడం మానేస్తే ఆగుతుంది. సైకిలూ అంతే. నేలమీద బతికే మనకు ఘర్షణ లేని కదలిక కనబడదు. అందువల్ల "కదలాలంటే బలం కావాలి" అనే నమ్మకం పుట్టినప్పటి నుంచీ రోజూ నిజమవుతూనే ఉంటుంది. అరిస్టాటిల్ దాదాపు ఇదే చెప్పాడు. పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్, విసిరిన వస్తువులో విసిరినవాడు నింపిన ఒక ఊపు ఉంటుందన్నాడు. గెలీలియో కూడా పీసాలో ఉన్న కుర్రతనపు రోజుల్లో, పైకి విసిరిన వస్తువు లోపల చేతి బలం నెమ్మదిగా తరిగిపోతుందనే రాశాడు. మా ఫస్టియర్ పిల్లలు చెప్పే జవాబు అచ్చంగా అదే. ఆ నమ్మకం నుంచి పూర్తిగా బయటపడి న్యూటన్ తన నియమాలను అచ్చు వేసేసరికి 1687 వచ్చింది. ఇన్ని వందల ఏళ్లు పట్టిన మలుపును మన పిల్లలు ఒక్క సెమిస్టర్‌లో తిరగాలి. తడబడడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మరి ప్లస్ టూలో వచ్చిన మార్కుల మాటేమిటి? "ద్రవ్యరాశి 2 కిలోలు, బలం 10 న్యూటన్లు, త్వరణం ఎంత?" అని అడిగితే 5 అని రాయడానికి న్యూటన్‌ను నమ్మనక్కర్లేదు, భాగహారం వస్తే చాలు. న్యూమరికల్స్ వందలకొద్దీ చేసినా రూపాయి బిళ్ల గురించిన పాత నమ్మకాన్ని ఏ లెక్కా కదపదు. సూత్రం ఒక గదిలో, నమ్మకం ఇంకో గదిలో ఉండిపోతాయి. రెండూ ఎదురుపడే సందర్భం పరీక్షలో రాదు. డిగ్రీకి వచ్చాక, సూత్రం ఇవ్వకుండా పరిస్థితి మాత్రమే ఇచ్చి "సమీకరణం నువ్వే రాయి" అన్నప్పుడు వస్తుంది. అక్కడే కలం ఆగుతుంది.

కొలిచి చూసినవాళ్లు ఏం చెప్పారు?

దీన్ని కొలవడానికి 1992లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ నుంచి డేవిడ్ హెస్టినీస్, ఆయన తోటివాళ్లు ఒక పరీక్ష తయారుచేశారు. ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అని పేరు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో 30 ప్రశ్నలు ఉంటాయి, ఒక్కదానికీ లెక్క చెయ్యనక్కర్లేదు. విద్యార్థులు మామూలుగా చెప్పే తప్పు జవాబులనే ఆప్షన్లుగా పెట్టడంలో ఉంది దాని పదును. ఉదాహరణకు, పెద్ద లారీ చిన్న కారును గుద్దితే ఎవరు ఎవరి మీద ఎక్కువ బలం చూపారు? బరంపురం పక్కనుంచి పోయే నేషనల్ హైవే 16 మీద లారీ ఆటోను గుద్దిందనుకుని మన పిల్లలను అడిగినా "లారీయే" అంటారు. న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండు బలాలూ సమానం. ఆటో నుజ్జయ్యేది దాని మీద బలం ఎక్కువ పడినందువల్ల కాదు. అంతే బలానికి తక్కువ ద్రవ్యరాశి ఉన్న ఆటో వేగం చాలా ఎక్కువగా మారిపోతుంది, దాని బాడీ కూడా అంత దెబ్బకు తట్టుకునేలా ఉండదు. "ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య" అని తప్పు లేకుండా అప్పజెప్పే విద్యార్థే లారీ ప్రశ్నలో తప్పుతాడు.

హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు ఇలాంటి పరీక్షే పెట్టినప్పుడు, మీరు చెప్పిన ప్రకారం రాయాలా, మామూలుగా నేను అనుకునే ప్రకారం రాయాలా అని ఒకరు అడిగారట. ఇందాక చెప్పిన రెండు గదుల సంగతి అంత పేరున్న చోట కూడా ఉందన్నమాట. మజూర్ తన బోధన పద్ధతినే మార్చుకున్నది ఆ అనుభవం తర్వాతే.

1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లో చదివిన 6,500 మందికి పైగా విద్యార్థులకు ఇలాంటి పరీక్షల్లో వచ్చిన మార్కులు సేకరించి సరిపోల్చాడు. ఆయన అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది: కోర్సుకు ముందు విద్యార్థికి తెలియనిది ఎంత ఉందో, అందులో ఎంత భాగం కోర్సు నేర్పింది? ముందు 40 శాతం వచ్చిన క్లాసుకు తర్వాత 55 వస్తే, తెలియని 60లో 15 నేర్చుకున్నట్టు, అంటే 0.25. లెక్చరర్ చెబుతూ, విద్యార్థులు రాసుకుంటూ పోయే 14 కోర్సుల్లో ఈ సంఖ్య సగటున 0.23. విద్యార్థులు క్లాసులోనే ఒకరితో ఒకరు వాదించుకుని, వెంటనే తప్పొప్పులు తెలుసుకునే 48 కోర్సుల్లో 0.48. లెక్చర్ ఎంత బాగున్నా తెలియనిదాంట్లో పావు వంతు కూడా అందడం లేదు. మాట్లాడనిస్తే దాదాపు సగం అందుతోంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మన సరిహద్దు సమస్య సరిగ్గా ఈ "మాట్లాడడం" దగ్గరే ఉంది.

దానికి ముందు లెక్కల సంగతి ఒకటి చెప్పాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్ పుస్తకం చలనం గురించిన పాఠంలోనే అవకలనాన్ని (డిఫరెన్షియేషన్‌ను) వాడేస్తుంది. అదే తరగతి లెక్కల పుస్తకంలో అవకలనం చివరి పాఠాల్లో వస్తుంది. డిగ్రీలోనూ ఇదే వరస. యూజీసీ ఇచ్చిన సీబీసీఎస్ నమూనా సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌కు మ్యాథమెటికల్ ఫిజిక్స్, మెకానిక్స్ రెండు పేపర్లూ పక్కపక్కనే పెట్టారు. గ్రేడియెంట్, కర్ల్ అనే కాల్‌క్యులస్ పనిముట్లు ఇంకా చేతికి పట్టుబడకముందే బల క్షేత్రాల్లో వాటి అవసరం వచ్చేస్తుంది. పనిముట్టు చెయ్యడం, దాంతో పని చెయ్యడం ఒకే వారంలో జరగాలి. పిల్లలకు "నాకు ఫిజిక్స్ రాదు" అనిపించిన చాలా సందర్భాల్లో నిజానికి రానిది ఆ వారపు కాల్‌క్యులస్. ఈ రెండింటినీ విడదీసి చెప్పే మనిషి పక్కన ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

మూడు భాషల మధ్య ఒక క్లాసు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అందులో చేరాయి. తెలుగు కుటుంబాలు ఉన్న చోటే ఉన్నాయి, చదువుకునే దారులు మారాయి. ఇవాళ ఒక ఫస్టియర్ ఫిజిక్స్ క్లాసులో కూర్చున్న పిల్లలను చూడండి. ఒకరు ఒడియా మీడియంలో పది చదివి ప్లస్ టూ ఇంగ్లీషులో రాసినవారు. ఒకరు శ్రీకాకుళంలోనో విశాఖలోనో హాస్టల్లో ఉండి ఇంటర్ చేసి వచ్చినవారు. ఇంకొకరు సీబీఎస్‌ఈ. గజపతి, రాయగడ కొండల నుంచి వచ్చిన సవర, కోంధు పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాష ఇంకొకటి. పుస్తకం ఇంగ్లీషు. బోర్డు మీద రాసేది ఇంగ్లీషు. అర్థం కానప్పుడు సార్ వివరించేది ఒడియాలో. తెలుగు పిల్లలకు ఒడియా బజారులో, బస్సులో బాగానే వస్తుంది. కానీ "త్వరణం కిందికి ఉండి కూడా వస్తువు పైకి ఎలా వెళ్తుంది సార్?" అని నలుగురిలో లేచి అడిగే ఒడియా వేరు, అడిగేంత ఇంగ్లీషు వేరు.

"ఇంగ్లీషు రాదు" అనే ఫిర్యాదును నేను ఒప్పుకోనిది ఇందుకే. పుస్తకం చదివి అర్థం చేసుకునేంత, పరీక్షలో డెరివేషన్ రాసేంత ఇంగ్లీషు వీళ్లకు వస్తుంది. లేనిది సగం తెలిసిన ఆలోచనను పైకి అనే చోటు. రూపాయి బిళ్ల మీద చేతి బలం ఉందని నమ్మే విద్యార్థి ఆ మాట పైకి అనాలి. పక్కవాడు "చెయ్యి తాకడం లేదు కదా, బలం ఎక్కడి నుంచి వచ్చింది?" అని నిలదీయాలి. ఇతను "మరి పైకి ఎందుకు పోతోంది?" అనాలి. ఆ తగువులోనే పాత నమ్మకం కదులుతుంది. సగం తెలిసిన మాట ఎవరికైనా ఇంటి భాషలోనే నోటికొస్తుంది. క్లాసులో ఆ భాషకు చోటు లేకపోతే నమ్మకం లోపలే ఉండిపోతుంది, పైన మాత్రం ఇంగ్లీషులో బట్టీ పట్టిన డెరివేషన్ పేరుకుంటుంది. ఒక భాష వాళ్లే ఉన్న క్లాసులో కూడా మాట్లాడనిచ్చే బోధన అరుదు. మూడు నాలుగు భాషలున్న క్లాసులో మౌనం ఇంకా చిక్కబడుతుంది.

గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. సవర పిల్లల చదువు కోసం ఆయన సవర భాష నేర్చుకుని అందులో పుస్తకాలు రాశారు. అలాంటి ఊరు ఉన్న జిల్లాలో, విద్యార్థి తన భాషలో ఆలోచించుకోవడానికి డిగ్రీ క్లాసులో పది నిమిషాలు దొరకకపోవడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది. తెలుగు మీడియం డిగ్రీ కావాలని నేను అడగడం లేదు. ఎమ్మెస్సీ సీటు కోసం ఐఐటీ జామ్ పరీక్ష రాయాలన్నా, పీజీకి ఎక్కడికి వెళ్లాలన్నా ఇంగ్లీషు పుస్తకంతోనే పని. రాయడం ఇంగ్లీషులో ఉండనివ్వండి. వాదించుకోవడం తెలుగులో, ఒడియాలో, సవరలో, ఎవరికి ఏది వస్తే అందులో జరగనివ్వండి. లెక్చరర్‌కు తెలుగు రాకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆ పది నిమిషాలూ వాదించుకునేది పిల్లలు. కొలరాడో యూనివర్సిటీలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, ఉచితంగా దొరుకుతాయి, వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒక ఫోను చుట్టూ నలుగురు కూర్చుంటే చాలు.

ఉదాహరణల విషయంలోనూ ఇంతే. మెకానిక్స్ పేపర్లో తిరిగే ఫ్రేములు, కొరియాలిస్ బలం వస్తాయి. పిల్లలు ఆ డెరివేషన్‌ను చూసి భయపడతారు. కానీ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌ను, 2018లో గజపతి జిల్లాను ముంచేసిన తిత్లీని ఇక్కడ ఎరగని ఇల్లు లేదు. ఉపగ్రహ చిత్రంలో ఆ తుఫానులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగడం అందరూ చూశారు. అల్పపీడన కేంద్రం వైపు నాలుగు దిక్కుల నుంచీ గాలి పరుగెత్తుతుంది. తిరిగే భూమి మీద ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కొరియాలిస్ బలం వల్ల తను వెళ్తున్న దారికి కుడివైపుకు మళ్లుతుంది. ప్రతి గాలీ కేంద్రాన్ని ఎడమచేతి వైపు వదిలేసి కుడికి తప్పుకుంటే, మొత్తం కలిసి ఎదురు దిశలో సుడి తిరుగుతాయి. కాగితం మీద నాలుగు బాణాలు గీస్తే చాలు. ముందు ఈ బొమ్మ వేయించి ఆ తర్వాత డెరివేషన్‌కు వెళ్తే, సమీకరణంలోని ప్రతి పదం దేని గురించో పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది.

ల్యాబ్‌లో 9.81 రావాల్సిందేనా?

ప్రాక్టికల్స్‌లో బార్ పెండులంతోనో సింపుల్ పెండులంతోనో జి విలువ, అంటే భూమ్యాకర్షణ ఇచ్చే త్వరణం, కనుక్కోవాలి. 9.81 రాకపోతే సార్ సంతకం పెట్టరేమో అని రీడింగులు సరిచేసి రికార్డు రాయడం మామూలైపోయింది. నిజానికి 9.81 ఐరోపా అక్షాంశాలకు సరిపోయే విలువ. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది, భూమధ్యరేఖ దగ్గర కొంచెం ఉబ్బి ఉంటుంది. ఈ రెండింటి వల్ల అక్కడికి దగ్గరయ్యేకొద్దీ జి తగ్గుతుంది. సుమారు 19 డిగ్రీల అక్షాంశం మీద, సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న బరంపురంలో అది 9.79కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి రీడింగులు మార్చి 9.81 రాసిన విద్యార్థి తన ఊరిది కాని విలువ రాశాడు.

అంతకన్నా ముఖ్యమైనది పొరపాటు పరిమితి. మీటరు పొడవున్న పెండులం 20 డోలనాలు చెయ్యడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో పదో వంతు సెకను తేడా ఎవరికైనా వస్తుంది. ఆ తేడా ఒక్కటే జి విలువను సుమారు 0.05 అటూ ఇటూ జరుపుతుంది. అంటే 9.75 వచ్చినా 9.83 వచ్చినా అది నిజాయితీగా చేసిన ప్రయోగమే. ఈ ఒక్క లెక్క మొదటి ప్రాక్టికల్ రోజున చేయిస్తే, రికార్డు కాపీ కొట్టే అవసరమే చాలా వరకు పోతుంది. తన రీడింగును తను నమ్మడం నేర్చుకున్న విద్యార్థి థియరీ క్లాసులో కూడా మారతాడు.

వాదించుకునే పద్ధతి మొదలుపెడితే పిల్లలకే నచ్చకపోవచ్చని ముందే తెలుసుకోవాలి. 2019లో హార్వర్డ్‌లో లూయీ డెలోరియే, ఆయన తోటివాళ్లు మొదటి ఏడాది ఫిజిక్స్ విద్యార్థులను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి చక్కటి లెక్చర్ ఇచ్చారు, రెండో భాగానికి అదే పాఠాన్ని విద్యార్థులే చేసి చూసే పద్ధతిలో నడిపారు. పరీక్షలో రెండో భాగానికి ఎక్కువ మార్కులు వచ్చాయి. కానీ "ఎంత నేర్చుకున్నారు?" అని అడిగితే, తక్కువ నేర్చుకున్నట్టు అనిపించిందన్నది కూడా ఆ రెండో భాగమే. సాఫీగా సాగే లెక్చర్ వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. తప్పులు బయటపడుతుంటే ఏమీ రానట్టు ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో "నా వల్ల కాదు" అనే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ ఫలితం గురించే. అయోమయంగా ఉన్న వారాల్లోనే వాళ్లు ఎక్కువ నేర్చుకుంటూ ఉండవచ్చు.

"ఇలా చేస్తే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?" అని లెక్చరర్లు అడుగుతారు. ఆ బాధ నిజమైనదే. పని దినాలు తక్కువ, పేపర్లు ఎక్కువ, చాలా చోట్ల పోస్టులు ఖాళీ. మజూర్ తన క్లాసులో డెరివేషన్లను ముందే పుస్తకంలో చదివి రమ్మని, క్లాసు సమయాన్ని ప్రశ్నలకు ఇచ్చాడు. ఒక ప్రశ్న వేస్తారు, ఎవరి జవాబు వాళ్లు చెబుతారు. సరైన జవాబు మరీ కొద్దిమందికే వస్తే పాఠం మళ్లీ చెబుతారు. సుమారు 30 నుంచి 70 శాతం మందికి వస్తే, పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని మళ్లీ అడుగుతారు. దీనికి ప్రొజెక్టరు అక్కర్లేదు, వేళ్లు చూపిస్తే సరిపోతుంది. మన కాలేజీల్లో మొత్తం ఇలా మార్చడం కుదరకపోయినా వారానికి ఒక గంట దొరుకుతుంది. మొదటి వారం లారీ, ఆటో ప్రశ్న వెయ్యవచ్చు. రెండో వారం, హౌరా వైపు ఒకే వేగంతో పోతున్న రైల్లో నిలువుగా ఎగరేసిన బంతి ఎక్కడ పడుతుందని అడగవచ్చు. మూడో వారం, తాడు కట్టి గుండ్రంగా తిప్పుతున్న రాయి, తాడు తెగిన క్షణాన ఎటు పోతుందో గీయించవచ్చు. నాలుగో వారానికి లిఫ్టు ప్రశ్న ఉంచండి, దానికి గంట చాలదు: లిఫ్టు ఒకే వేగంతో పైకి వెళ్తోంది, దాన్ని లాగే తీగలోని బలం లిఫ్టు బరువు కన్నా ఎక్కువా, సమానమా? ఘర్షణను వదిలేస్తే సమానం. దీన్ని ఒప్పుకోని వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, ఎందుకు ఒప్పుకోవడం లేదో వాళ్ల భాషలో చెప్పనివ్వండి.